ఐదో నిమిషం దాటాక: కొవిడ్ కాలంలో ఆగని ఫిట్స్‌కు వైద్యం ఎలా నడిచింది

మా బడిలో ఒకసారి ప్రార్థన జరుగుతుండగా తొమ్మిదో తరగతి కుర్రాడికి ఫిట్స్ వచ్చింది. డ్రిల్లు మాస్టారు పరుగున వచ్చి తన సైకిల్ తాళం తీసి వాడి గుప్పిట్లో పెట్టారు. ఒకటి రెండు నిమిషాల్లో కొట్టుకోవడం ఆగింది. ఆ రోజంతా బడిలో ఆ తాళం గురించే మాటలు.

తాళం వల్ల ఆగలేదని ఇప్పుడు తెలుసు. ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి. ఆగే ముందు చేతిలో ఏముంటే దానికి పేరొస్తుంది: తాళం, ఇనప ముక్క, ముక్కు దగ్గర పెట్టిన ఉల్లిపాయ. అలా ఆగని కొద్దిమందితోనే అసలు చిక్కు. వాళ్ల విషయంలో గడియారం ముల్లే అన్నీ తేలుస్తుంది. కొవిడ్ వచ్చి ఆ ముల్లు కదిలే ప్రతి మలుపులోనూ ఆలస్యం పెట్టింది. ఆ ఆలస్యం ఎక్కడెక్కడ దూరింది, దాన్ని తగ్గించడానికి వైద్యులు ఏం మార్చారు, ఏ విషయాల్లో వాళ్లలో వాళ్లకే పడలేదు అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

ఐదు నిమిషాల లెక్క ఎక్కడిది

ఆగకుండా సాగే ఫిట్స్‌ను, లేదా ఒకటి ఆగి స్పృహ రాకముందే మరొకటి వచ్చే స్థితిని వైద్యులు స్టేటస్ ఎపిలెప్టికస్ అంటారు. ఒకప్పుడు అరగంట కొట్టుకుంటేనే ఆ పేరు పెట్టేవారు. అరగంట దాకా చూస్తూ కూర్చోవడంలో అర్థం లేదని 1990ల చివరికి వైద్యుల్లో అభిప్రాయం బలపడింది. 2015లో అంతర్జాతీయ మూర్ఛ వ్యతిరేక సమాఖ్య రెండు గడువులు పెట్టింది. మొదటిది, ఇక దానంతటది ఆగే అవకాశం తక్కువ కాబట్టి మందు ఇవ్వాల్సిన గడువు. రెండోది, దాటితే మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగిలే ప్రమాదం మొదలయ్యే గడువు. ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్‌కు మొదటిది 5 నిమిషాలు, రెండోది 30. మనిషి అయోమయంగా చూస్తూ, నోరు చప్పరిస్తూ, మాట్లాడిస్తే పలకని రకానికి మొదటి గడువు 10 నిమిషాలు, రెండోది గంట పైన.

మొదటి గడువు దాటిన ఫిట్స్ ఎందుకు మొండికేస్తుందో తెలిస్తే మిగతా కథంతా సులువుగా అర్థమవుతుంది. మెదడు కణాల ఉద్రేకాన్ని అణచే రసాయనం పేరు గాబా. కణం పైపొర మీద దానికోసం గ్రాహకాలు, అంటే అది వచ్చి అతుక్కునే చోట్లు, ఉంటాయి. ఫిట్స్‌కు ముందుగా ఇచ్చే మిడజోలామ్, లోరాజెపామ్, డయాజిపామ్ మూడూ ఆ గ్రాహకాల మీదే పనిచేసి గాబాకు బలమిస్తాయి. ఫిట్స్ సాగేకొద్దీ కణం ఈ గ్రాహకాలను పైపొర నుంచి లోపలికి లాగేసుకుంటుంది. ఉద్రేకాన్ని పెంచే ఎన్‌ఎండీఏ గ్రాహకాలు అదే సమయంలో పైకి వస్తాయి. ఇక మందు వచ్చినా తలుపు తీసేవాళ్లు ఇంట్లో ఉండరు. పదో నిమిషంలో పనిచేసిన మోతాదు నలభయ్యో నిమిషంలో పనిచేయకపోవడానికి కారణం ఇదే. మందు అదే, మనిషి అతడే, మెదడు మాత్రం అప్పటిది కాదు.

స్టేటస్‌లోకి వెళ్లిన పెద్దవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరు ప్రాణాలు కోల్పోతారు. పిల్లల్లో ఇది చాలా తక్కువ. చావులకు ఎక్కువగా వెనకున్న కారణమే బాధ్యత వహిస్తుంది: పక్షవాతం, మెదడు వాపు, తలకు దెబ్బ, రక్తంలో ఆక్సిజన్ పడిపోవడం. అయినా మన చేతిలో ఉన్నది మాత్రం సమయమే.

మూడు మెట్ల వైద్యం

మామూలు రోజుల్లో వైద్యం మూడు మెట్లుగా నడుస్తుంది.

మొదటి మెట్టు పైన చెప్పిన మందులు. సూది నరంలోకి ఇవ్వాలంటే కొట్టుకుంటున్న చేతిలో నరం దొరకాలి, అది అంత తేలిక కాదు. కండలోకి ఇచ్చినా సరిపోతుందా అని అమెరికాలో అంబులెన్సుల్లోనే ఒక పెద్ద ప్రయోగం చేశారు. 2012లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం కండలోకి మిడజోలామ్ ఇచ్చినవాళ్లలో 73 శాతం మందికి ఆసుపత్రి చేరేలోపే ఫిట్స్ ఆగింది. నరంలోకి లోరాజెపామ్ ఇచ్చినవాళ్లలో 63 శాతం. కండలోకి ఇచ్చిన మందు ఒంట్లో కాస్త నెమ్మదిగానే ఎక్కుతుంది, కానీ నరం వెతికే సమయం మిగిలింది కదా. పైగా లోరాజెపామ్‌ను ఫ్రిజ్‌లో ఉంచాలి. మిడజోలామ్‌కు ఆ బాధ లేదు. మన ఎండల్లో తిరిగే అంబులెన్సుకు ఇది చిన్న విషయం కాదు.

రెండో మెట్టు లెవెటిరాసెటామ్, వాల్‌ప్రోయేట్, ఫాస్‌ఫెనిటోయిన్. వీటిలో ఏది గొప్పదన్న వాదన ఏళ్ల తరబడి నడిచింది. 2019లో వచ్చిన ఒక ప్రయోగం మూడింటినీ పోల్చి చూసి, మూడూ దాదాపు సమానమే, సగానికి కొంచెం తక్కువ మందిలో పనిచేస్తాయి అని తేల్చింది. సరిగ్గా కొవిడ్‌కు ముందు వచ్చిన ఈ ఫలితం తర్వాత ఎంత పనికొచ్చిందో ముందుముందు చూద్దాం.

రెండూ విఫలమైతే మూడో మెట్టు: ఊపిరి గొట్టం వేసి, వెంటిలేటర్ మీద పెట్టి, మిడజోలామ్ డ్రిప్పు లేదా ప్రొపోఫాల్‌తో మత్తులో ఉంచడం. పక్కన ఈఈజీ, అంటే మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష, చూసుకుంటూ ఉండాలి.

ఈ మూడో మెట్టుకు కావలసినవన్నీ కొవిడ్ రోగికి కూడా కావలసినవే. వెంటిలేటరు, ఐసీయూ పడక, మత్తుమందు, ఊపిరి గొట్టం వేయగల డాక్టరు.

ఒకే మనిషి, మూడు సాయంత్రాలు

లెక్క కోసం ఒక ఉదాహరణ అనుకుందాం. అరవై కిలోల మనిషి, ముప్ఫై అయిదేళ్లు, పదేళ్లుగా మూర్ఛ మాత్రలు వాడుతున్నాడు. ఊరు జిల్లా కేంద్రానికి పాతిక కిలోమీటర్లు. సాయంత్రం ఎనిమిదింటికి ఫిట్స్ మొదలైంది.

మొదటి సాయంత్రం 2019లోది. ఎనిమిదీ ఐదుకు ఇంట్లోవాళ్లు 108కి చేశారు. ఎనిమిదిన్నరకు బండి వచ్చింది, దాంట్లోనే సూది పడింది. తొమ్మిదింటికల్లా క్యాజువాలిటీలో రెండో మందు ఎక్కుతోంది.

రెండోది 2021 మేలోది. 108 లైను దొరకడానికే కొంత సమయం పట్టింది. బండి ఇంకో రోగిని దించి, లోపల శుభ్రం చేసుకుని, సిబ్బంది పీపీఈ కిట్లు వేసుకుని రావాలి. తొమ్మిదయింది. మనిషి ఒళ్లు కాలిపోతోంది కాబట్టి అది కొవిడేమోనన్న అనుమానం. మొదటి ఆసుపత్రి కొవిడ్ రోగులకే కేటాయించింది, రిపోర్టు లేనిదే చేర్చుకోదు. రెండోది కొవిడ్ కాని రోగులకు, జ్వరం చూసి టెస్టు చేయించుకుని రమ్మంది. మొదటి సూది పదింటికి పడింది. అప్పటికి రెండు గంటలు.

మూడోదీ 2021 మేలోదే. అవే అవాంతరాలు, అదే పదింటి దాకా తిరుగుడు. కాకపోతే ఎనిమిదీ ఐదుకు భార్య బీరువాలోంచి ముందే డాక్టరు రాసిచ్చిన మిడజోలామ్ తీసి ఇచ్చింది.

మూడో సాయంత్రం మందు తప్పకుండా పనిచేస్తుందన్న హామీ లేదు. కానీ పనిచేసే అవకాశం అత్యధికంగా ఉన్న నిమిషంలో పడింది. కొవిడ్ కాలంలో వైద్యులు చేసిన ముఖ్యమైన మార్పు ఇదేనని నాకనిపిస్తుంది. కొత్త మందు ఏదీ కనిపెట్టలేదు. ఉన్న మందును ఆసుపత్రి నుంచి అంబులెన్సుకు, అంబులెన్సు నుంచి ఇంటికి జరిపారు.

రెండో సాయంత్రం నేను అల్లింది, కానీ గాల్లోంచి కాదు. 2020లో గాంధీ ఆసుపత్రిని పూర్తిగా కొవిడ్‌కే కేటాయించి మిగతా రోగులను ఉస్మానియా లాంటి చోట్లకు మళ్లించారు. నగరం అలా రెండుగా చీలినప్పుడు జ్వరంతో ఫిట్స్ వచ్చిన మనిషి ఏ వైపు మనిషో వెంటనే చెప్పడం ఎవరి తరమూ కాదు. 2021 మే రెండో వారంలో ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాద్ వస్తున్న అంబులెన్సులను పుల్లూరు టోల్‌ప్లాజా దగ్గర తెలంగాణ పోలీసులు ఆపారు. పడక ఖాయమైనట్టు ముందస్తు అనుమతి కావాలన్నారు. అలా ఆపమన్న ప్రభుత్వ సర్క్యులర్‌పై మే 14న తెలంగాణ హైకోర్టు స్టే ఇచ్చింది. అవి ప్రధానంగా కొవిడ్ రోగుల బళ్లు. అయినా ఆగిన బండిలో ఏ జబ్బున్నా సమయం ఒకేలా గడుస్తుంది. ఇంకోవైపు చూస్తే, 2020 జూలై 1న ఆంధ్రప్రదేశ్‌లో ఒకేరోజు 1,088 కొత్త 108, 104 వాహనాలను విజయవాడలో ప్రారంభించారు. అంటే రోడ్డు మీద బళ్లు పెరిగాయి, కానీ బండి చేరాక తలుపు తెరుచుకోవడం వేరే సమస్య.

"ఆసుపత్రికి రాకండి" అన్నది సరైన మాటేనా

2020 మొదట్లో పలు దేశాల మూర్ఛ నిపుణులు కలిసి ఒక సలహా ప్రచురించారు. ఎప్పుడూ వచ్చేలాంటి ఫిట్స్ వచ్చి ఆగిపోతే ఆసుపత్రికి పరిగెత్తొద్దు, ఇంట్లో ఎమర్జెన్సీ మందు ఉంచుకోండి, డాక్టరుతో ఫోన్లో మాట్లాడండి, ఆగకపోతేనే రండి. క్యాజువాలిటీకి వెళితే అక్కడే కొవిడ్ అంటుకోవచ్చన్నది వాళ్ల భయం. కొవిడ్ జ్వరం మళ్లీ ఫిట్స్‌ను రెచ్చగొడుతుంది.

దీనికి అభ్యంతరం చెప్పినవాళ్ల వాదన కూడా తీసెయ్యదగింది కాదు. "ఆగకపోతేనే రండి" అన్న వాక్యంలో జనం చెవిన పడేది "రాకండి" అన్న ముక్కే. ఆ రోజుల్లో గుండెపోటు, పక్షవాతం రోగులు కూడా ఆసుపత్రులకు రావడం బాగా తగ్గిందని చాలా దేశాల్లో నమోదైంది. జబ్బు తగ్గి కాదు, భయపడి. రెండోది, ఇంట్లో మందు ఉంచుకోమన్న సలహా ఆ మందు దొరికే ఇంటికే పనికొస్తుంది. మన దేశంలో మూర్ఛ ఉన్నవాళ్లు కోటి మందికి పైనే ఉంటారని అంచనా. వాళ్లలో రోజువారీ మాత్రలే సరిగా అందనివాళ్లు ఎందరో.

ఇక్కడ మందుల చట్టం చిక్కు ఒకటుంది. 2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజే, కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది. డాక్టరు ఫోన్లో చూసి మందు రాయడం అలా చట్టబద్ధమైంది. కానీ మాదకద్రవ్యాల చట్టం కిందకి వచ్చే మందులను ఫోన్లో రాయకూడదని అందులోనే ఉంది. ఫిట్స్‌ను ఆపే మిడజోలామ్, డయాజిపామ్ ఆ చట్టం కిందవే. తర్వాత కొన్ని మూర్ఛ మందులకు సడలింపు ఇచ్చారు. ఈలోగా ఒకపక్క "ఇంట్లో ఉంచుకోండి", ఇంకోపక్క "ఫోన్లో రాయకూడదు" అన్న రెండు మాటల మధ్య రోగి నలిగాడు.

ముక్కులోకా, బుగ్గలోకా, కండలోకా

ఇంట్లో ఇవ్వగల రూపాలు రెండు మూడున్నాయి. పిల్లలకు పాతకాలంలో డయాజిపామ్‌ను మలద్వారం గుండా ఇచ్చేవారు. బుగ్గలో పోసే మిడజోలామ్ దానికంటే మెరుగ్గా పనిచేస్తుందని 2005లో ఒక బ్రిటన్ ప్రయోగం చూపింది: 56 శాతం, 27 శాతం. మన దేశంలో ఎక్కువగా దొరికేది ముక్కు స్ప్రే.

స్ప్రే లెక్క ఒకసారి వేసి చూడండి. మోతాదు సాధారణంగా కిలోకు 0.2 మిల్లీగ్రాములు. ఒక్కో నొక్కుకి 0.5 మిల్లీగ్రాము వచ్చే సీసా అనుకుంటే, 15 కిలోల పిల్లాడికి 3 మిల్లీగ్రాములు, అంటే ఆరు నొక్కులు, ముక్కు రంధ్రానికి మూడు. బాగానే ఉంది. మన అరవై కిలోల మనిషికి గరిష్ఠ మోతాదు 10 మిల్లీగ్రాములు అనుకున్నా ఇరవై నొక్కులు. కొట్టుకుంటున్న మనిషి తల పట్టుకుని ఇరవైసార్లు నొక్కడం ఊహించండి. చాలా ఇళ్లలో రెండు నొక్కి "మందు పనిచేయలేదు" అనుకుంటారు. ఒక్కో నొక్కుకి ఎంత వస్తుందన్నది సీసాను బట్టి మారుతుంది కాబట్టి, ఎన్ని నొక్కులో డాక్టరు చేత చీటీ మీద అంకెల్లో రాయించుకోవడం కొందరు అలవాటు చేసుకున్నారు.

కొవిడ్ దీనికి ఇంకో ప్రశ్న జోడించింది. ముక్కులో స్ప్రే కొడితే తుమ్ము, దగ్గు వచ్చి వైరస్ తుంపర్లు లేస్తాయేమో? అందుకని ఆసుపత్రుల్లోనూ అంబులెన్సుల్లోనూ ముక్కు, నోటి మార్గాలు మాని కండలోకి సూది ఇవ్వాలని కొందరన్నారు. ఇంట్లో అప్పటికే కలిసి ఉంటున్నవాళ్లకు ఆ భయంతో మందు ఆపడం అర్థం లేని పని అని ఇంకొందరన్నారు. నా దృష్టిలో రెండూ సరైనవే, చోటు వేరు. సిబ్బందికి సూది వేయడం వచ్చు, తల్లికి రాదు.

సూదికీ దాని లెక్క ఉంది. మిడజోలామ్ మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉన్నదీ, 5 మిల్లీగ్రాములు ఉన్నదీ దొరుకుతుంది. పెద్దవాళ్లకు కండలోకి 10 మిల్లీగ్రాములు ఇవ్వాలంటే మొదటిదైతే 10 మిల్లీలీటర్లు, ఒక తొడలోకి ఒక్కసారిగా ఎక్కించే పని కాదు. రెండోదైతే రెండే మిల్లీలీటర్లు. పెట్టెలో ఏ గాఢత ఉందన్నదే ఒక్కోసారి వైద్యాన్ని నిర్ణయిస్తుంది.

ఊపిరి ఆగుతుందన్న భయం, తగ్గించిన మోతాదు

ఈ మందులు ఎక్కువైతే ఊపిరి మందగిస్తుంది. అప్పుడు గొట్టం వేయాలి. కొవిడ్‌లో గొట్టం వేయడమంటే వైద్య సిబ్బంది రోగి నోటికి అడుగు దూరంలో తుంపర్ల మధ్య నిలబడటం. కాబట్టి "సగం మోతాదు ఇద్దాం, ఊపిరి ఆగకుండా ఉంటుంది" అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. నిజానికి మోతాదు తగ్గించి ఇవ్వడం కొవిడ్‌కు ముందు నుంచీ ఉన్న జాడ్యమే.

ఇది ఎందుకు తిరగబడుతుందో 2001లోనే శాన్‌ఫ్రాన్సిస్కో అంబులెన్సుల్లో చేసిన ప్రయోగం చూపించింది. మందు ఇచ్చినవాళ్లలో ఊపిరి, రక్తప్రసరణ సమస్యలు సుమారు 10 శాతం మందికి వచ్చాయి. మందు లేని ఉత్త సూది ఇచ్చినవాళ్లలో 22 శాతం మందికి. ఊపిరి ఆపేది మందు కంటే ఆగని ఫిట్సే ఎక్కువ. మొదట్లో పూర్తి మోతాదు ఇస్తే గొట్టం అవసరమే తగ్గుతుంది. సిబ్బందికి కొవిడ్ ముప్పు తగ్గించే దారి కూడా అదే.

అయితే న్యుమోనియాతో ఆక్సిజన్ అప్పటికే తొంభై కిందకు పడిపోయిన రోగి సంగతి వేరు. ఆ ప్రయోగంలో అలాంటివాళ్లు లేరు. అక్కడ త్వరగా గొట్టం వేయడమే మేలన్న వైద్యులున్నారు. హడావుడిగా, కిట్లు సరిగా తొడగకుండా వేసేకంటే, ముందుగానే స్థిమితంగా వేయడం సిబ్బందికీ రోగికీ క్షేమమని వాళ్ల వాదన.

రెండో మెట్టులో లెవెటిరాసెటామ్ ముందుకొచ్చింది ఇలాగే. ఫెనిటోయిన్ (ఫాస్‌ఫెనిటోయిన్ ఒంట్లో మారేది దీనిగానే) నిమిషానికి 50 మిల్లీగ్రాములకు మించి ఎక్కించకూడదు. మన అరవై కిలోల మనిషికి కిలోకు 20 చొప్పున 1,200 మిల్లీగ్రాములు, అంటే కనీసం 24 నిమిషాలు. అంతసేపూ ఈసీజీ, బీపీ చూస్తూ ఒక నర్సు పక్కనే ఉండాలి. లెవెటిరాసెటామ్‌ను పది నిమిషాల్లో ఎక్కించవచ్చు. గుండె మీద ఒత్తిడి తక్కువ, కొవిడ్ మందులతో గొడవ దాదాపు లేదు. మూడూ సమానమని 2019లో తేలి ఉండటంతో ఇది ఎంచుకోవడానికి వైద్యులు సందేహించాల్సిన పని లేకపోయింది. ఫెనిటోయిన్, కార్బమజెపిన్, ఫినోబార్బిటాల్ మాత్రం కాలేయాన్ని వేగంగా పనిచేయించి, కొవిడ్‌కు ఇచ్చే స్టెరాయిడ్ డెక్సామెథసోన్ బలాన్ని తగ్గిస్తాయి. తర్వాత వచ్చిన నిర్మాట్రెల్విర్-రిటోనావిర్ అనే కొవిడ్ జంట మందును వీటితో కలిపి వాడనేకూడదు.

మూడో మెట్టులో ఇంకో దెబ్బ. 2020 వసంతంలో వెంటిలేటర్ల మీద ఉన్న కొవిడ్ రోగులందరికీ మత్తు కావలసి వచ్చి అమెరికాలో ప్రొపోఫాల్, మిడజోలామ్ కొరత ఏర్పడింది. ఆ మే నెలలో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ యూరప్ తయారీ ప్రొపోఫాల్‌ను అత్యవసర అనుమతితో తెప్పించుకోనిచ్చింది.

కదలని ఫిట్స్

కొవిడ్ వస్తే ఫిట్స్ వస్తాయా అన్న ప్రశ్నకు మొదటి జవాబు చైనా నుంచి వచ్చింది. హుబే ప్రాంతంలో 304 మంది రోగులను పరిశీలిస్తే ఒక్కరికీ కొత్తగా ఫిట్స్ రాలేదు. మూర్ఛ ఉన్నంత మాత్రాన కొవిడ్ అంటుకునే ముప్పు పెరగదని కూడా అంతర్జాతీయ సమాఖ్య చెప్పింది. అప్పట్లో మాత్రలు మానేసినవాళ్లు, మందుల షాపు దాకా వెళ్లలేనివాళ్లు, జ్వరంతో మాత్రలు వాంతి చేసుకున్నవాళ్లు ఎక్కువ ప్రమాదంలో పడ్డారు.

కనిపించని రకం ఒకటుంది, ఒళ్లు కదలదు, మెదడులో మాత్రం ఫిట్స్ సాగుతూనే ఉంటుంది. మత్తులో, కండరాలు సడలించే మందుల మీద ఉన్న ఐసీయూ రోగిలో దీన్ని ఈఈజీ తప్ప ఇంకేదీ పట్టదు. ఈఈజీ తీయాలంటే టెక్నీషియన్ ఇరవై తీగలు ఒక్కొక్కటీ తలకు అతికిస్తూ, రోగి ముఖం మీదకు వంగి అరగంట పైన గడపాలి. చాలా ఆసుపత్రులు ఆ పరీక్షలు కుదించుకున్నాయి. తక్కువ తీగలతో, పారేసే ఎలక్ట్రోడ్లతో, తక్కువసేపు తీసి సరిపెట్టుకున్నారు. మత్తు ఆపినా రోగి లేవకపోతే కొవిడ్ వల్ల మెదడు మందగించిందా, లోపల ఫిట్స్ నడుస్తోందా అన్నది తీగలు పెట్టేదాకా తేలదు. ఇంట్లోనైనా అంతే. కొట్టుకోవడం ఆగింది కదా అని ఊరుకుంటే, అరగంటకూ కళ్లు తెరవని మనిషిలో ఫిట్స్ ఆగి ఉండకపోవచ్చు.

మొదలైన సమయం ఎవరికి తెలుసు

ఏ మెట్టు మీద ఉన్నా వైద్యుడికి ముందు కావలసింది ఒక అంకె: ఎన్నింటికి మొదలైంది. ఇంట్లోవాళ్లు చెప్పేది సాధారణంగా నమ్మదగింది కాదు, అబద్ధమాడి కాదు, ఆ రెండు నిమిషాలే ఇరవైలా అనిపిస్తాయి కాబట్టి. మనిషిని పక్కకు తిప్పి, మాస్కుంటే తీసి, నోట్లో ఏదీ పెట్టకుండా చూసుకునే కంగారులో గోడ గడియారం ఎవరికి గుర్తుంటుంది?

ఫోన్లో వైద్యం మొదలయ్యాక న్యూరాలజిస్టులు వీడియో తీసి పంపమనడం ఎక్కువైంది. ఏ చెయ్యి ముందు బిగిసింది, కళ్లు ఎటు తిరిగాయి, కళ్లు తెరిచున్నాయా మూసున్నాయా అన్నవి దాంట్లో కనిపిస్తాయి. గట్టిగా మూసుకున్న కళ్లు చాలాసార్లు అది మెదడు ఫిట్స్ కాదని, మానసిక ఒత్తిడితో వచ్చిన మరో స్థితి కావచ్చని సూచిస్తాయి. 2019 నాటి ఆ పెద్ద ప్రయోగంలో కూడా పదిమందిలో ఒకరిది ఆ రకమేనని తర్వాత తేలింది. వాళ్లకు ఈ మందులన్నీ అనవసరం. ఇక వీడియో ఎన్నింటికి తీశారో ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. అది ఫోన్లోనే ఉంటుంది, సెకన్లతో సహా.